చేతికి కారం, ఫోన్ నిండా మెసేజ్‌లు: వాట్సాప్ బిజినెస్ యాప్ మీద ఒక పచ్చళ్లావిడ రివ్యూ

ముందు నా మాట చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. ఇది చదివేవాళ్లలో సగం మంది కేకులు చేసేవాళ్లో, బ్లౌజులు కుట్టేవాళ్లో, ఇడ్లీపిండి అమ్మేవాళ్లో అయ్యుంటారు, మీకూ తీరిక ఉండదు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఫ్రీ, పెట్టుకోండి. అందులో క్విక్ రిప్లైలు, లేబుళ్లు, అవే (ఇంగ్లీషులో away, అంటే మనం లేనప్పుడు వెళ్లే) మెసేజ్ అనే మూడింటిని బద్ధకించకుండా ఒక మధ్యాహ్నం కూర్చుని సెట్ చేసుకుంటే రోజులో బోలెడంత టైమ్ మిగులుతుంది. క్యాటలాగ్ ఫర్వాలేదు. మిగతావి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను, ఆ తగ్గిన ఒకటి ఎందుకో కింద చెప్తాను.

నాది రాజమండ్రిలో పచ్చళ్ల వ్యాపారం. వ్యాపారం అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. మా వెనక వసారా, నేను, సీజన్‌లో సాయానికొచ్చే ఇద్దరు ఆడవాళ్లు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక పార్సిళ్లు కట్టే మా ఆయన, అంతే. లోను లేదు, పెట్టుబడి పెట్టినవాళ్లెవరూ లేరు, చీటీ పాడిన డబ్బుతో మొదలైంది. సొంత డబ్బుతో నడిపే వాళ్లందరిలో నేను చూసిన ఒక గుణం ఉంది. రూపాయి తీయాలంటే పదిసార్లు ఆలోచిస్తాం, గంట పోతుంటే మాత్రం పట్టించుకోం. నూనె డబ్బా కొంటే లెక్కల పుస్తకంలో రాస్తాం, మూత సీల్ వేసే ప్లాస్టిక్ చుట్ట కొన్నా రాస్తాం, "కిలో ఎంతండీ" అన్నవాళ్లకి ఒక్కొక్కరికీ జవాబు కొడుతూ కూర్చున్న పొద్దు మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కదు. జీతం ఇచ్చేవాడు లేడు కాబట్టి మన గంటకి ధర లేదనుకుంటాం. కిలో ఆవకాయ మీద నాకు ఖర్చులు పోను ఓ వంద మిగులుతుందనుకోండి, ఫోన్‌తో పోయిన రెండు గంటల్లో నేను కలపగలిగే పచ్చడి ఎంతో లెక్క వేసుకున్నాకే టైమ్ సంగతి బుర్రకెక్కింది.

అసలు పచ్చడి పనిలో టైమ్ మన చేతిలో ఉండదు, అది తెలియనివాళ్లకి ఈ రివ్యూ అర్థం కాదు కాబట్టి కాస్త చెప్తాను. ఆవకాయకి మా వైపు కొత్తపల్లి కొబ్బరి కాయంటే పడి చస్తారు, అది మార్కెట్లో మంచిగా దొరికేది వేసవిలో కొన్ని వారాలే. పొద్దున్నే తెచ్చిన కాయ ఆ రోజే కడగాలి, తుడవాలి, టెంకతో సహా ముక్క కొట్టాలి, జీడి తీసేయాలి, టెంకకి అంటుకున్న పల్చటి పొర గీకేయాలి, మళ్లీ పొడిగుడ్డతో ఒక్కొక్క ముక్కా తుడవాలి. ఎక్కడ తడి మిగిలినా బూజు పడుతుంది. ఆ తర్వాత ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు కలిపి, పప్పునూనెలో ముక్క ముంచి తీసి, పిండిలో పొర్లించి జాడీకెత్తాలి. రేపు చేద్దాంలే అనుకుంటే కాయ మెత్తబడి కూర్చుంటుంది. మూడో రోజు తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె పైకి తేలకపోతే ఇంకాస్త పోయాలి. ఈ మధ్యలో చేతులు మోచేతుల దాకా కారమే. అప్పుడే ఫోన్ టింగుమంటుంది, టింగుమంటూనే ఉంటుంది.

టైమ్ మేనేజ్‌మెంట్ అని నెట్‌లో వెతికితే మొదట చెప్పేది పొమొడోరో పద్ధతి, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన చదువుకునే రోజుల్లో, 1980ల చివర్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టాడట, ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటా. వంటింట్లోంచి వెళ్లిన వస్తువే గానీ వంటింట్లో పనికిరాలేదు. సగం కలిపిన పిండిని వదిలి అయిదు నిమిషాలు ఎక్కడికి పోతాం? లెక్కలు రాసుకునేటప్పుడు, లేబుళ్లు అంటించేటప్పుడు బాగానే ఉంటుంది, కాదనను.

ఇక యాప్. 2018 మొదట్లో వచ్చింది, గుర్తులో ఫోన్ బొమ్మ బదులు బి అక్షరం ఉంటుంది. మామూలు వాట్సాప్, ఇది రెండూ ఒకే ఫోన్‌లో ఉండొచ్చు, కానీ ఒకే నంబరు రెండింట్లో పనిచేయదు, రెండో నంబరు కావాలి. ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్లు దానితో కూడా పెట్టుకోవచ్చు, కోడ్ మెసేజ్‌గా కాకుండా కాల్‌లో చెప్తుంది. నా సలహా అడిగితే, వేరే సిమ్ తప్పనిసరి, ఆ నంబరు చుట్టాలకి ఇవ్వకండి, ఏ గ్రూపులోనూ చేరకండి. గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు, అపార్ట్‌మెంట్ గొడవలు, కజిన్ పెళ్లి గ్రూపు, ఇవన్నీ ఆర్డర్ల మధ్యలో వచ్చి పడితే ఏ యాప్ పెట్టుకున్నా దండగే. సెట్టింగుల్లో అన్నిటికన్నా ఎక్కువ టైమ్ మిగిల్చేది ఇదే, దీనికి యాప్‌తో సంబంధం కూడా లేదు.

క్విక్ రిప్లైల దగ్గరికొద్దాం. ఒకసారి రాసి పెట్టుకున్న జవాబుకి ఒక పొట్టి పేరు పెట్టుకుంటే, చాట్‌లో స్లాష్ కొట్టి ఆ పేరు మొదలుపెట్టగానే మొత్తం జవాబు వచ్చి నిలబడుతుంది, పంపడమే. 50 దాకా పెట్టుకోవచ్చు, నేను వాడేవి డజను లోపే. జనం అడిగేవి ఎంత వెరైటీగా ఉన్నాయనుకున్నా, ఒక వారం చాట్లు వెనక్కి చూసుకుంటే అవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. ధర ఎంత, వెల్లుల్లి వేస్తారా, నూనె ఏది, ఎన్నాళ్లు నిలవుంటుంది, బెంగుళూరు ఎన్ని రోజుల్లో వస్తుంది, అమెరికా పంపుతారా, లైసెన్స్ ఉందా. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే లైసెన్స్ నంబరు 14 అంకెలు, ప్రతిసారీ చూసి కొట్టే బదులు అది ఒక క్విక్ రిప్లైలో పడేశాను, ఆ ఒక్కదానికే ప్రాణం లేచొచ్చింది.

రాసేటప్పుడు ఒకటి గుర్తు పెట్టుకోండి, బ్యాంకు మెసేజ్‌లాగా రాయకండి. "ప్రియమైన వినియోగదారులకు" అని మొదలుపెడితే అవతలివాళ్లు మిషన్ మాట్లాడుతోందనుకుని ఫోన్ చేస్తారు, అప్పుడు మిగిలిన టైమ్ కాస్తా మళ్లీ పోతుంది. నా వెల్లుల్లి జవాబు ఇలా ఉంటుంది: "వెల్లుల్లి వేసింది, వేయనిది రెండూ ఉన్నాయండి. జాడీలు వేరు, గరిటెలు కూడా వేరే. ఏది కావాలో, ఎంత కావాలో చెప్పండి, ధర రెండిటికీ ఒకటే." చివర్లో ప్రశ్న పెట్టడం కావాలనే. ఊరికే సమాచారం ఇస్తే "ఓకే అండి" అని ఊరుకుంటారు, ప్రశ్న ఉంటే ఆర్డరు అక్కడే తేలిపోతుంది. అరకిలో, కిలో ధరల పట్టిక ఫొటోగా కూడా జత చేసి పెట్టుకోవచ్చు, నేనైతే అక్షరాల్లోనే రాస్తాను, ధర మారితే ఫొటో మళ్లీ చేయించుకోవడం ఎవరివల్ల అవుతుంది. "మా అమ్మ చేసినట్టుంటుందా అండీ" అని అడిగేవాళ్లకి మాత్రం ఇంతవరకు ఏ క్విక్ రిప్లై రాయలేకపోయాను. ఆ ప్రశ్న వస్తే చేతులు కడుక్కుని మాట్లాడాల్సిందే.

లేబుళ్లు నాకు అన్నిటికన్నా నచ్చినవి. చాట్ మీద రంగు చీటీ అంటించినట్టు, 20 దాకా పెట్టుకోవచ్చు. యాప్ ముందే కొన్ని ఇస్తుంది, కొత్త కస్టమర్, కొత్త ఆర్డర్, పేమెంట్ రావాలి, అలాంటివి. నేను వాటి పేర్లు మన మాటల్లోకి మార్చేశాను. "డబ్బు రావాలి", "ప్యాక్ చేయాలి", "కొరియర్‌కి ఇచ్చాం", ఇంకోటి "ఊరినప్పుడు చెప్పాలి". ఈ చివరిది పచ్చళ్లవాళ్లకే కావాల్సింది, ఆవకాయ కలిపిన రోజే పంపితే ముక్క ఊరదు, కొంతమంది ఊరాకే పంపమంటారు, వాళ్లందరూ ఒకచోట కనపడాలి.

డబ్బుల విషయంలో లేబుల్ వల్ల జరిగే మేలు చెప్తాను. ఆర్డరు ఇచ్చినవాళ్లు యూపీఐలో కట్టి స్క్రీన్‌షాట్ పెడతారు. స్క్రీన్‌షాట్ చూసి డబ్బు వచ్చిందనుకోకూడదు, పాతది పెట్టేవాళ్లు ఉంటారు, "ప్రాసెసింగ్" అని ఉన్నదాన్ని పెట్టేవాళ్లు ఉంటారు, ఎక్కువమంది మోసం చేయాలని కాదు, నెట్‌వర్క్ అలాంటిది. కాబట్టి ఒక్కొక్క స్క్రీన్‌షాట్ రాగానే బ్యాంకు యాప్ తెరవడం, పిన్ కొట్టడం, చూడటం, మూయడం, మళ్లీ చాట్‌కి రావడం. ఇదంతా నిమిషం పనే, కానీ రోజంతా ఆ నిమిషం ముక్కలు ముక్కలుగా వస్తుంటుంది, పక్కన పెట్టిన పని మళ్లీ అందుకోవడానికి పట్టే టైమ్ ఇంకో లెక్క. ఇప్పుడు స్క్రీన్‌షాట్ వచ్చినా చూడను. "డబ్బు రావాలి" లేబుల్ కింద ఉన్న చాట్లన్నీ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకసారి, రాత్రి ఒకసారి బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని పేర్లు చూసుకుంటూ "ప్యాక్ చేయాలి" లోకి మారుస్తాను. యూపీఐ పేరు ఒకటి, వాట్సాప్ పేరు ఒకటి ఉండేవాళ్లతో చిక్కే (డబ్బు కట్టింది వాళ్ల తమ్ముడు, ఆర్డరు పెట్టింది అక్క), అందుకే డబ్బు పంపేటప్పుడు నోట్‌లో ఆర్డరు పెట్టినవాళ్ల పేరు రాయమని క్విక్ రిప్లైలోనే చెప్పేస్తున్నాను.

అవే మెసేజ్ అంటే మనం లేనప్పుడు దానంతట అదే వెళ్లే జవాబు. ఎప్పుడూ వెళ్లేలా, మనం చెప్పిన గంటల్లో మాత్రమే వెళ్లేలా, లేదా షాపు టైమ్ కాని టైమ్‌లో వెళ్లేలా పెట్టొచ్చు. మొదటిసారి మెసేజ్ పెట్టినవాళ్లకి, లేదా 14 రోజులుగా మాటామంతీ లేనివాళ్లకి వెళ్లే గ్రీటింగ్ మెసేజ్ వేరే ఉంటుంది, రెండూ ఒకటే అనుకుని చాలామంది కలగాపులగం చేస్తారు. ఇంకో సంగతి, ఫోన్‌కి నెట్ ఉంటేనే అవే మెసేజ్ వెళ్తుంది. ప్రశాంతంగా ఉంటుందని డేటా ఆపేసి పనిలోకి దిగితే జవాబు ఎవరికీ వెళ్లదు. డేటా ఆన్‌లో ఉంచి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, వేరే గదిలో పడేయాలి.

అమెరికా వాళ్లతో దీని విలువ తెలుస్తుంది. వేసవిలో డాలస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా. వాళ్లు రాత్రి ఎనిమిదిన్నరకి అన్నాలు తిని ఆవకాయ గుర్తొచ్చి మెసేజ్ పెడితే మనకి మర్నాడు పొద్దున్న ఏడు, అంటే నేను మార్కెట్లో కాయ బేరం చేస్తున్న టైమ్. శనివారం మధ్యాహ్నం రెండింటికి తీరిగ్గా పెడితే మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. జవాబు లేకపోతే ఇంకొకరిని అడుగుతారని భయం, ఆ భయంతోనే చాలామంది దిండు కింద ఫోన్ పెట్టుకుని పడుకుంటారు. నేను పెట్టిన మాట ఇది: "నమస్కారమండి, ఇప్పుడు పచ్చడి పనిలో ఉన్నాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో (మన టైమ్) తప్పకుండా జవాబిస్తాం. ఏం కావాలో, ఎన్ని కిలోలో, ఏ ఊరికో రాసి ఉంచండి." ఎప్పుడు జవాబిస్తామో గంటతో సహా చెప్తే చాలామంది ఆగుతారు, "త్వరలో సంప్రదిస్తాం" అంటే ఎవరూ ఆగరు. ఆగనివాళ్లు ఉంటారు, పోతారు. పోనివ్వండి, సీజన్‌లో మన చేతికి ఎలాగూ మించే ఆర్డర్లే.

క్యాటలాగ్‌లో 500 వస్తువుల దాకా పెట్టొచ్చంటారు, మనకి ఎందుకు అన్ని. ఫొటో, ధర, రెండు వాక్యాలు పెట్టి వదిలేస్తే కస్టమరు తనే కార్ట్‌లో వేసుకుని పంపుతారు, "అరకిలో మాగాయ, కిలో పెసరావకాయ" అని మనం టైపు చేయించే బాధ తప్పుతుంది. కాకపోతే పచ్చళ్లకి రుతువులున్నాయి. వేసవి అయ్యాక గోంగూర, కార్తీకానికి ఉసిరి, చలికాలంలో చింతకాయ, ఆ తర్వాత పండుమిరప. లేనివి దాచాలి, వచ్చినవి తీయాలి, నూనె ధర పెరిగితే ఒక్కొక్క వస్తువులోకీ వెళ్లి మార్చాలి. బట్టలవాళ్లకి, కేకులవాళ్లకి ఇది నాకంటే ఎక్కువ పనికొస్తుంది. క్యాటలాగ్ మొత్తం చూసి, కిందా మీదా జూమ్ చేసి, చివర్లో "ధర ఎంతండీ" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లకే కదా స్లాష్ ఉంది.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే జాబితా) 256 మందిని పెట్టొచ్చు, అయితే మన నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. ఒక పచ్చడి కొన్న ప్రతివాళ్లూ నంబరు సేవ్ చేసుకుంటారా? అందుకే పార్సిల్‌లో చిన్న కాగితం వేస్తాం, నంబరు సేవ్ చేసుకోమని. స్టేటస్ అయితే తేలిక, కాయ కొడుతున్న ఫొటో ఒకటి పొద్దున్నే పడేస్తే ఇరవై నాలుగ్గంటలు అదే తిరుగుతుంది. స్టాటిస్టిక్స్ అని ఒకటుంది, ఎన్ని మెసేజ్‌లు వెళ్లాయో, ఎన్ని చదివారో చూపిస్తుంది. చదివితే ఏంటి, కొన్నారా లేదా అనేది కదా మనకి కావాల్సింది.

నాలుగు వేరే డివైజులకి కలుపుకోవచ్చు అనేది మంచిదో చెడ్డదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ల్యాప్‌టాప్‌లో అడ్రసులు కాపీ చేసుకోవడం హాయి, చేత్తో రాస్తే పిన్‌కోడ్ తప్పులు వస్తాయి. కానీ మా ఆయన ఫోన్‌కి కూడా కలిపాక ఒకే కస్టమరుకి ఇద్దరం రెండు రకాల జవాబులిచ్చాం, ఆయన మంగళవారం పంపుతామన్నారు, నేను శుక్రవారం అన్నాను. ఇప్పుడు ఆయన చూడటమే, జవాబు నాదే. ఇంట్లో ఇద్దరు వ్యాపారం చూస్తుంటే ముందు ఈ సంగతి తేల్చుకోండి.

ఇక ఆ తగ్గిన మార్కు. రేపు ఎన్ని కిలోలు కట్టాలి? ఈ ఒక్క ప్రశ్నకి యాప్‌లో జవాబు లేదు. "ప్యాక్ చేయాలి" నొక్కితే చాట్ల వరస వస్తుంది, అందులో ఎవరికి ఏ పచ్చడి ఎంతో ఒక్కొక్కటి తెరిచి చూసుకోవాలి. ఆవకాయ మొత్తం ఎన్ని కిలోలు, మాగాయ ఎన్ని, బెల్లం ఆవకాయ ఎన్ని, ఎన్ని అరకిలో సీసాలు తీయాలి, ఇవి ఎక్కడా కూడి చూపించదు. అది చాట్ యాప్, ఆర్డర్ల పుస్తకం కాదు, తెలుసు. కానీ చిన్న వ్యాపారం చేసేవాళ్లకి ఆ రెండూ ఒకచోటే నడుస్తాయి కదా. మాకు వంటింటి గుమ్మం పక్కన ఒక తెల్ల బోర్డు ఉంది, నిలువు గీతలు కొట్టి పచ్చడికో గడి. రాత్రి డబ్బులు సరిచూసేటప్పుడే దాని మీద మార్కర్‌తో కిలోలు ఎక్కించేస్తాం. పొద్దున్న సాయానికొచ్చేవాళ్లు ఫోన్ అడగకుండా బోర్డు చూసి సీసాలు కడిగి ఎండబెట్టేస్తారు. ఖర్చు మూడొందల లోపు, యాప్ వదిలిన ఖాళీ మొత్తం అది పూడుస్తోంది.

దీనికి బదులు నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఫోన్ చేసి "మేడం, మీ వాట్సాప్ మొత్తం ఆటోమేట్ చేసేస్తాం" అంటారు. వాళ్లు అమ్మేది ఈ ఫ్రీ యాప్ కాదు, పెద్ద కంపెనీల కోసం ఉన్న వేరే ఏర్పాటు, దానికి మెసేజ్‌ల చార్జీ వేరే, వాళ్ల నెల ఫీజు వేరే. పేరు చెప్పను గానీ ఒకటి ట్రయల్ వాడి చూశాను, ఆర్డరు వచ్చాక దాన్ని అందులో ఎక్కించడానికి కస్టమరు పేరు, ఊరు, వస్తువు, బరువు, పన్ను, అన్నీ వరసగా నింపాలి, అంతసేపట్లో ఆ పార్సిల్ కట్టేసి టేపు వేసేయొచ్చు. రోజుకి వందల ఆర్డర్లు ఉన్నవాళ్లకి లాభమేమో, వసారాలో చేసుకునేవాళ్లకి మాత్రం వద్దంటాను.

యాప్ చేయలేనిది ఇంకోటి ఉంది. అవే మెసేజ్ మెసేజ్‌లకే, ఫోన్ కాల్స్‌కి కాదు. "ఏమ్మా, మెసేజ్ పెడితే ఏదో మిషన్ మాట్లాడుతోంది, మా అమ్మాయి ఆస్ట్రేలియా వెళ్తోంది, రేపటికి నాలుగు కిలోలు కావాలి" అని పెద్దవాళ్లు నేరుగా కాల్ చేస్తారు. వాళ్లకి కాదని చెప్పడానికి క్విక్ రిప్లై లేదు, "పిన్నిగారూ, మూడో రోజు కలపకుండా ఇవ్వనండీ, పాడైపోతే మీకే ఇబ్బంది" అని నోటితో చెప్పుకోవాలి. చెప్తే వింటున్నారు కూడా.

ఎవరికి పనికొస్తుందంటే, రోజుకి రెండు మూడు ఆర్డర్లే వస్తుంటే మామూలు వాట్సాపే చాలు, రెండో సిమ్ రీచార్జి కూడా దండగ. టిఫిన్ సెంటర్, కిరాణా కొట్టు లాంటి కౌంటరు వ్యాపారాలకి దీనితో పెద్ద పనిలేదు. టైలర్లు, కేకులవాళ్లు, ఫంక్షన్ వంటలవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, అంటే అడ్వాన్సు, కొలత, తేదీ ఉన్న పనులవాళ్లు లేబుళ్లతో మొదలుపెట్టండి, క్యాటలాగ్ జోలికి తర్వాత వెళ్లొచ్చు. ఇప్పుడున్న నంబరునే మామూలు వాట్సాప్ నుంచి దీనిలోకి మార్చాలనుకుంటే ముందు చాట్ బ్యాకప్ తీసుకోండి, సీజన్ మధ్యలో ఆ పని పెట్టుకోకండి, ఆషాఢంలో పెట్టుకోండి.